ఇంటి దగ్గరే కారు సన్‌రూఫ్ గ్లాస్ మార్పించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సన్‌రూఫ్ పగిలిందని మాకు ఫోన్ చేసేవాళ్లు ముందు అడిగేది ఎంతవుతుందని. ఆ వెంటనే, ఇవాళే అయిపోతుందా అని. ఈ పనిలో గ్లాసు బిగించడం తేలికైన భాగం. పగిలిన ముక్కలన్నీ బయటికి తీయడం, కొత్త గ్లాసును రూఫ్‌తో సమంగా కూర్చోబెట్టడం, నీళ్లు సరిగ్గా పోతున్నాయో లేదో చూడడం, అసలు కష్టమంతా ఈ మూడింటిలోనే ఉంటుంది. మీ ఇంటికొచ్చే మనిషి పనితనం తెలిసేదీ వీటితోనే. కింది జవాబులు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

గ్లాస్ ఇప్పుడే పగిలింది. ముందు ఏం చేయాలి?

సన్‌రూఫ్ స్విచ్ ముట్టుకోకండి. మూసుకుంటుందేమో చూద్దామని నొక్కారంటే, గ్లాసు జరిగే రైల్‌లో పడ్డ గాజు ముక్కల మీదుగా కేబుల్ లాగుతుంది. రైలు గీరుకుపోయినా కేబుల్ తెగినా, గ్లాసుతో పోయే ఖర్చు సన్‌రూఫ్ సెట్టు మొత్తానికి పాకుతుంది.

లోపలి షేడ్ (గ్లాసు కింద ఎండకు అడ్డంగా జరిపే తెర) మూసి ఉన్నప్పుడు పగిలితే దాన్ని అలాగే ఉంచండి. ముక్కలన్నీ షేడ్ మీదే కూర్చుని ఉంటాయి. ఎంత పగిలిందో చూద్దామని షేడ్ వెనక్కి తోస్తే అవన్నీ దాంతోపాటు రూఫ్ లోపలికి దొర్లిపోతాయి. అక్కడి నుంచి తీయాలంటే లోపలి లైనింగ్ దించాల్సి రావచ్చు. షేడ్ తెరిచి ఉండగా పగిలితే ముక్కలు సీట్ల మీద, ఏసీ రంధ్రాల్లో, సీట్ బెల్ట్ బకిల్స్‌లో పడతాయి. అప్పుడు వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టకండి. చేత్తో దులపకుండా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఇన్సూరెన్స్‌కు అవి కావాలి.

బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లొచ్చా?

దగ్గరైతే నెమ్మదిగా వెళ్లొచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వంద స్పీడులో పోవడం మాత్రం కుదరదు. ఆ గాలికి మిగిలిన ముక్కలు లేచి లోపలికైనా పడతాయి, వెనక వచ్చే బైకు మీదైనా పడతాయి. మందపాటి పాలిథిన్ షీటు పరిచి టేపు వేస్తే తాత్కాలికంగా సరిపోతుంది. బ్రౌన్ టేపు నేరుగా పెయింట్ మీద వేయకండి. రెండు రోజులు ఎండకు కాలితే జిగురు పెయింట్‌ను పట్టుకుని వదలదు. పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు ముందు వేసి దాని మీద గట్టి టేపు వేసుకోండి. కవరు ఎంత బాగా వేసినా బండిని నీడలో, పైన కప్పున్న చోట పెట్టడమే మంచిది.

ఏమీ తగల్లేదు. పార్కింగ్‌లో ఉన్న బండికి దానంతటదే పగిలింది. ఇది సాధ్యమేనా?

సాధ్యమే. చాలామంది దీన్ని నమ్మరు, సర్వీస్ సెంటర్ వాళ్లతో సహా.

తెరుచుకునే సన్‌రూఫ్‌లలో ఎక్కువగా వాడేది టెంపర్డ్ గ్లాస్. తయారీలో బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పై పొరలు బిగుసుకుపోయి లోపలి భాగం లాగుడులో ఉండిపోతుంది. దెబ్బలకు తట్టుకునే బలం దీనివల్లే వస్తుంది. అయితే ఎక్కడో ఒక చోట పగులు ఆ లోపలి పొర దాకా చేరిందంటే గ్లాసు మొత్తం ఒక్క క్షణంలో పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. నడుస్తున్న బండిలో ఆ చప్పుడు విని టైరు పేలిందనుకునేవాళ్లు చాలామంది.

ఇక కారణాలు. లారీ నుంచి ఎగిరిన కంకర రాయి మొన్నెప్పుడో అంచు దగ్గర చిన్న గాటు పెట్టి ఉంటుంది, అది ఇవాళ బయటపడుతుంది. గ్లాసు తయారీలో నికెల్ సల్ఫైడ్ అనే అతిచిన్న మలినపు రేణువు లోపల ఉండిపోతే అది కాలక్రమంలో పెరిగి, ఏ దెబ్బా లేకుండానే గ్లాసును పగలగొట్టగలదు. ఇది అరుదు. ఇదివరకు ఎవరైనా విప్పి బిగించినప్పుడు ఒక మూల స్క్రూ ఎక్కువ బిగించినా ఒత్తిడి అక్కడే పేరుకుంటుంది. ఎండకే పగిలిందని అంటుంటారు కానీ, ఎండ ఒక్కటే మంచి టెంపర్డ్ గ్లాసును పగలగొట్టడం కష్టం. ముందే గాటు పడి ఉంటే మాత్రం మే నెల ఎండలో కాలిన గ్లాసు మీద చల్లటి నీళ్లు పోయడం దానికి చివరి దెబ్బ అవుతుంది.

పార్కింగ్‌లో పగిలితే చుట్టుపక్కల రాయి, కొబ్బరి మట్ట, క్రికెట్ బంతి లాంటివి ఉన్నాయేమో చూడండి. సీసీ కెమెరా ఫుటేజ్ ఉంటే ఆ రోజే తీయించుకోండి. కొద్ది రోజులకే పాత రికార్డింగ్ చెరిగిపోతుంది.

చిన్న పగులే కదా, విండ్‌షీల్డ్‌కు చేసినట్టు రిపేర్ చేయరా?

టెంపర్డ్ గ్లాసుకు రిపేర్ లేదు. విండ్‌షీల్డ్ రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గ్లాస్, అందుకే అక్కడ చిన్న దెబ్బల్లో రెసిన్ నింపగలుగుతారు. కొన్ని పెద్ద పనోరమిక్ రూఫ్‌లలో (పైకప్పులో చాలా భాగం గాజే ఉండేవి) లామినేటెడ్ గ్లాసే ఉంటుంది. అది పగిలినా ముక్కలు పొరకు అంటుకుని ఉంటాయి, కింద పడవు. దాన్ని కూడా మార్చుకోవడమే మేలు.

మా బండి సన్‌రూఫ్ ఇంటి దగ్గర మార్చడం కుదురుతుందా?

బండిని బట్టి ఉంటుంది. ఈ ప్రశ్నకు ఎవరైనా ఆలోచించకుండా "కుదురుతుంది సార్, వచ్చేస్తాం" అంటే కాస్త జాగ్రత్తపడండి.

ముందు సీట్ల పైన ఒక్క గ్లాసు మాత్రమే ఉండే మామూలు సన్‌రూఫ్ అయితే ఇంటి దగ్గర చేయడానికి చక్కగా సరిపోతుంది. ఆ గ్లాసు చుట్టూ ఫ్రేము, రబ్బరు అంచు కలిసే వస్తాయి. పక్కల కొన్ని స్క్రూలతో లోపలి మెకానిజానికి బిగిస్తారు. లైనింగ్ దించే పని సాధారణంగా ఉండదు.

పనోరమిక్ రూఫ్‌లో సాధారణంగా ముందు గ్లాసు కదులుతుంది, వెనకది కదలదు. ముందుది పగిలితే పని దాదాపు పైన చెప్పినట్టే. వెనకదాన్ని చాలా బండ్లలో విండ్‌షీల్డ్‌లాగా పాలీయురెథేన్ జిగురుతో అంటిస్తారు. పాత జిగురు కోసి, అంచు శుభ్రం చేసి, ప్రైమర్ వేసి, పెద్ద బరువైన గ్లాసును ఇద్దరు మనుషులు సక్షన్ కప్పులతో ఎత్తి ఒక్కసారిలో సరైన చోట దించాలి. దుమ్మూ గాలీ లేని చోటు ఉంటే ఇదీ ఇంటి దగ్గర చేయొచ్చు. మా మట్టుకు మేం వర్క్‌షాప్‌కు తెమ్మనే చెబుతాం.

రైలు వంగినా, కేబుల్ తెగినా, మోటారు పోయినా ఇంటి దగ్గర పని పెట్టుకోకండి. లైనింగ్ మొత్తం దించాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉండేది కూడా అక్కడే, రూఫ్ అంచుల్లో. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొబైల్ లైటు పట్టుకుని చేసే పని కాదది.

మేము ఏం సిద్ధం చేసి పెట్టాలి?

బండి రెండు వైపులా తలుపులు పూర్తిగా తెరుచుకునే స్థలం, సమంగా ఉన్న నేల, నీడ, దగ్గర్లో ఒక కరెంటు ప్లగ్గు. సెల్లార్ అయితే నేరుగా పైన డ్రైనేజీ పైపులూ దూలాలూ లేని చోట పెట్టండి, గ్లాసు ఎత్తి దించడానికి పైన జాగా కావాలి. వాక్యూమ్ మోత చేస్తుంది కాబట్టి అసోసియేషన్ వాళ్లకో వాచ్‌మన్‌కో ముందే చెప్పండి. కారులోంచి సామాను తీసేయండి, ముఖ్యంగా డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ, డ్యాష్‌క్యామ్. వాన పడితే బయట పని జరగదు. తడి అంచుకు జిగురు పట్టదు, తెరిచిన రూఫ్‌లోంచి లైనింగ్ తడిస్తే మరకలు పోవు.

గ్లాస్ వెంటనే దొరుకుతుందా?

విండ్‌షీల్డ్ దొరికినంత తొందరగా దొరకదు. విండ్‌షీల్డ్‌లు రోజూ పగులుతాయి కాబట్టి డీలర్లు స్టాక్ పెడతారు. సన్‌రూఫ్ గ్లాసును తరచుగా ఆర్డర్ మీదే తెప్పించాలి. బాగా అమ్ముడయ్యే మోడళ్లకు త్వరగా వస్తుంది. కంపెనీ ఆపేసిన మోడళ్లకూ, విదేశాల నుంచి తెప్పించాల్సిన బండ్లకూ వారాలు పట్టొచ్చు.

బుక్ చేసేటప్పుడు మోడల్ పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఆర్సీ మీదున్న 17 అంకెలూ అక్షరాల ఛాసిస్ నంబర్ ఇవ్వండి. ఒకే బండిలో ఒక వేరియంట్‌కు చిన్న సన్‌రూఫ్, పై వేరియంట్‌కు పనోరమిక్ ఉంటుంది. ఫేస్‌లిఫ్ట్‌తో, అంటే అదే మోడల్‌ను మధ్యలో కొత్త రూపుతో తెచ్చినప్పుడు, పార్టు నంబర్ మారిపోవచ్చు. టెక్నీషియన్ ఇంటిదాకా వచ్చి, పాత గ్లాసు తీశాక కొత్తది సరిపోదని తేలితే అందరికీ టెన్షనే.

కంపెనీ గ్లాసే వేయించాలా? బయటిది వేయొచ్చా?

సన్‌రూఫ్ వరకైతే కంపెనీదే, లేదా అదే కొలతలతో పేరున్న గ్లాసు కంపెనీ చేసింది. డోర్ గ్లాసు అంచు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉన్నా నడిచిపోతుంది. సన్‌రూఫ్‌లో ఆ తేడా గాలి మోతగానో, నీళ్ల కారుడుగానో బయటపడుతుంది. గ్లాసు మూలలో ముద్ర చూడండి. తయారీదారు పేరు, టెంపర్డా లామినేటెడా అన్నది, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. వాహనాల సేఫ్టీ గ్లాసుకు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగం. దిగుమతి గ్లాసు మీద యూరప్ వాళ్ల ఈ-మార్క్ కనిపించవచ్చు. ఏ ముద్రా లేని గ్లాసు ఎంత చవగ్గా వచ్చినా తల మీద పెట్టుకోవద్దు.

దెబ్బతిన్న మరో బండి నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ గ్లాసు ఒక్కోసారి దొరుకుతుంది. అంచులు నాలుగు వైపులా వేలితో తడిమి చూసి, గాట్లు లేకపోతేనే తీసుకోండి. పాత బండ్లకు ఒక్కోసారి అదే దిక్కు.

పని ఎలా సాగుతుంది?

మామూలు సన్‌రూఫ్ సంగతి చెబుతాం. మొదట సీట్లు, డ్యాష్‌బోర్డు కప్పేస్తారు. షేడ్ మీదున్న ముక్కల్ని కదల్చకుండా పైనుంచే వాక్యూమ్‌తో లాగేస్తారు. అంచుల్లో మిగిలిన గాజును టేపు వేసి పట్టుకుని తీస్తారు. స్క్రూలు విప్పి పాత ఫ్రేము బయటికి తీస్తారు.

ఆ తర్వాతే అసలు పని. రెండు రైళ్లు, వాటి పక్కనున్న నీటి గాడి, నాలుగు మూలల్లో డ్రెయిన్ రంధ్రాలు, షేడ్ దూరే సందు, వీటన్నిటినీ సన్న ముక్కు వాక్యూమ్‌తో, బ్రష్‌తో శుభ్రం చేయాలి. ప్రెషర్ గాలితో ఊదేస్తే తొందరగా అయినట్టు కనిపిస్తుంది, కానీ ముక్కలు లైనింగ్ వెనక్కి పోయి నెలల తరబడి ఒక్కొక్కటే రాలుతుంటాయి. శుభ్రం చేయడానికి బిగించడం కంటే ఎక్కువ టైము పడితే పని మీద శ్రద్ధ ఉందని అర్థం. ఆ టైములో "ఇంకా ఎంతసేపు" అని అడగకండి.

తర్వాత రైళ్లకు తగిన గ్రీజు పెట్టి, కొత్త గ్లాసు దించి స్క్రూలు వదులుగా ఎక్కిస్తారు. సన్‌రూఫ్ మూసి, నాలుగు మూలల్లో ఎత్తు సరిచూస్తారు. చాలా బండ్లలో ముందు అంచు రూఫ్‌కు సమంగా లేదా ఒక వెంట్రుకవాసి కిందకు, వెనక అంచు సమంగా లేదా అంతే పైకి ఉండాలి. ముందు అంచు పైకి లేస్తే గాలి అక్కడే కొట్టి ఈల వేస్తుంది. ఎత్తు కుదిరాకే స్క్రూలు బిగిస్తారు.

ఆఖరున మోటారుకు హద్దులు మళ్లీ నేర్పాలి. చాలా కార్లలో స్విచ్‌ను కొన్ని సెకన్లపాటు నొక్కి పట్టుకుంటే రూఫ్ తనంతట తాను తెరుచుకుని మూసుకుంటుంది. కచ్చితమైన పద్ధతి మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఇది చేయకపోతే ఒక్క నొక్కుకు మూసుకోవడం, మధ్యలో ఏదైనా అడ్డు తగిలితే వెనక్కి తెరుచుకోవడం సరిగ్గా పని చేయకపోవచ్చు. పిల్లలున్న ఇంట్లో ఆ రెండోది చాలా ముఖ్యం.

ఎంతసేపు పడుతుంది? వెంటనే బండి తీయొచ్చా?

స్క్రూలతో బిగించే గ్లాసుకు గంటన్నర నుంచి రెండున్నర గంటలు అనుకోండి. అయిన వెంటనే నడుపుకోవచ్చు. జిగురుతో అంటించే వెనక గ్లాసుకైతే పని ఒక పూట పడుతుంది, ఆపైన ఆరాలి. ఆ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. అందుకే విశాఖ ఉక్కపోతలో త్వరగా ఆరేది, తేమ లేని పొడి రోజున ఆలస్యమవుతుంది. వాడిన జిగురు డబ్బా మీద ఎన్ని గంటలకు నడపొచ్చో రాసి ఉంటుంది, ఆ మాట టెక్నీషియన్ చేత చెప్పించుకోండి. ఒకటి రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు, తలుపులు ధడాల్న వేయొద్దు. వేసేటప్పుడు ఒక కిటికీ కొద్దిగా దించి ఉంచండి, లోపలి గాలి గ్లాసును పైకి నెట్టదు.

ఖర్చు ఎంత?

బండిని బట్టి ఎంత తేడా ఉంటుందంటే, ఇక్కడ ఒక అంకె రాస్తే అది చాలామందికి తప్పు అవుతుంది. బిల్లులో పెద్ద వాటా గ్లాసుదే, మజూరీ దాని తర్వాతే. కొటేషన్ అడిగేటప్పుడు గ్లాసు, రబ్బరు బీడింగ్, మజూరీ, ఇంటికొచ్చినందుకు ఛార్జీ, జీఎస్టీ విడివిడిగా రాసిమ్మనండి. "మొత్తం సెట్టు మార్చాలి" అని ఎవరైనా అంటే ఎందుకో చూపించమనండి. రైలు వంగిందా, కేబుల్ తెగిందా అన్నది కంటికి కనిపించే విషయమే. గ్లాసు ఒక్కటే విడిగా దొరికే మోడల్‌కు కూడా మొత్తం సెట్టు అంటగట్టే చోట్లు ఉన్నాయి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే రాదు. ఓన్ డ్యామేజ్ కవర్, అంటే మీ సొంత బండి నష్టానికి ఇచ్చే కవర్, ఉన్న పాలసీకి వస్తుంది. "బంపర్ టు బంపర్ లేదు కాబట్టి గ్లాసుకు సగమే ఇస్తారు" అని ఒక అపోహ ఉంది. బంపర్ టు బంపర్ అన్నా జీరో డిప్ అన్నా ఒకటే, తరుగుదల కోయకుండా ఇచ్చే యాడ్-ఆన్. మన ప్రామాణిక పాలసీ నిబంధనల్లో గాజు భాగాలకు తరుగుదల సున్నా. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకే 50 శాతం కోస్తారు. కాబట్టి జీరో డిప్ లేకపోయినా గ్లాసు ఖరీదులో తరుగుదల పేరుతో కోత ఉండదు, బీడింగ్‌లో సగం మీరు పెట్టుకుంటారు. తప్పనిసరిగా మీరు భరించాల్సిన మొత్తం 1500 సీసీ వరకు ₹1,000, అంతకు మించితే ₹2,000.

పని మొదలుపెట్టకముందే ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపాలి. ముందు మార్పించి తర్వాత బిల్లు పంపితే గొడవే. ఇంటికొచ్చే సంస్థకు మీ ఇన్సూరెన్స్ కంపెనీతో క్యాష్‌లెస్ ఒప్పందం ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే మీరు కట్టి, తర్వాత రాబట్టుకోవాలి.

బండి కొన్నాక బయట కోయించి పెట్టించిన సన్‌రూఫ్ అయితే ఆశ పెట్టుకోకండి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని అలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దగ్గరే చిక్కు తెస్తుంది.

క్లెయిమ్ చేయడం లాభమా, చేతి నుంచి పెట్టుకోవడం లాభమా?

ఇది లెక్క వేసుకోవాల్సిన సంగతి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మొదటి ఏడాది తర్వాత 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిమ్‌తో మామూలుగా సున్నాకు పడిపోతుంది. మీకు 50 శాతం ఉందనుకుందాం, బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ₹12,000 అనుకుందాం. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది ₹6,000 ఎక్కువ కడతారు. తర్వాతి సంవత్సరాల్లో వరుసగా ₹3,600, ₹3,000, ₹1,800, ₹600. ప్రీమియం అలాగే ఉంటే మొత్తం ₹15,000. గ్లాసు బిల్లు అంతకు దరిదాపుల్లో ఉంటే క్లెయిమ్ జోలికి పోకండి. పనోరమిక్ పగిలి బిల్లు పెద్దదైతే నిస్సంకోచంగా చేయండి. బోనస్ కాపాడే యాడ్-ఆన్ తీసుకున్నవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ, పాలసీ కాగితం ఒకసారి చదవండి.

కొత్త గ్లాస్ వేసిన నెలకే వానకు నీళ్లు కారుతున్నాయి. గ్లాస్ సరిగ్గా వేయలేదా?

వేయకపోయి ఉండొచ్చు. కానీ అంతకంటే ఎక్కువగా దొరికే దొంగ డ్రెయిన్ పైపు.

సన్‌రూఫ్ రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపదు, ఆపాలని ఎవరూ తయారు చేయలేదు. దాన్ని దాటిన కొద్దిపాటి నీళ్లు గాడిలో పడి, నాలుగు మూలల పైపుల ద్వారా కిందకు పోతాయి. ముందు పైపులు విండ్‌షీల్డ్ పక్కనున్న స్తంభాల్లోంచి, వెనకవి డిక్కీ వైపు దిగుతాయి. వేప చెట్టు కిందో కానుగ కిందో రోజూ పార్క్ చేసే బండిలో పూత, ఆకు, దుమ్ము కలిసి ముద్దై పైపు మూతి మూసేస్తాయి. పగిలిన గాజు పలుకు కూడా అదే పని చేస్తుంది. అప్పుడు గాడి నిండి లైటు పక్క నుంచో, కాళ్ల దగ్గర కార్పెట్ మీదకో నీళ్లు వస్తాయి.

అందుకే టెక్నీషియన్ వెళ్లేముందు మీ ఎదుటే ఒక మగ్గు నీళ్లు గాడిలో నెమ్మదిగా పోయమనండి. నీళ్లు బండి కిందనుంచి బయటికి రావాలి. ముందు రెండు మూలలకు వేరువేరుగా చూడండి, వెనకవి అందితే వాటికీ. ఇంట్లో మీరే శుభ్రం చేయాలనుకుంటే ఇనుప తీగ పెట్టకండి, పైపు చిల్లు పడుతుంది. కంప్రెసర్ గాలీ వద్దు, కీలు దగ్గర పైపు ఊడిపోతే నీళ్లు లైనింగ్ వెనకే కారతాయి. మెత్తటి నైలాన్ తీగ చాలు. మృగశిర కార్తెకు ముందు ఒకసారి, వానలు ఆగాక ఒకసారి చేస్తే సరిపోతుంది.

ఎనభై దాటితే ఈల శబ్దం వస్తోంది. అలవాటైపోతుందంటున్నారు.

అలవాటు చేసుకోనక్కర్లేదు. ఎత్తు సరిచేయాలి, పావుగంట పని. మళ్లీ పిలవండి, దానికి డబ్బులు ఇవ్వకండి.

గ్యారంటీ ఏమిస్తారు?

పనితనానికి, అంటే నీళ్ల కారుడు, గాలి మోత, బిగింపులకు ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి. గ్లాసు మళ్లీ రాయి తగిలి పగిలితే అది ఎవరి గ్యారంటీలోకీ రాదు. బిల్లు మీద గ్లాసు పార్టు నంబర్, మీ ఛాసిస్ నంబర్, తేదీ ఉండాలి. మూలలోని ముద్రను ఫోటో తీసి బిల్లుతోపాటు ఫోన్‌లో దాచుకోండి. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు ఆ గ్లాసు తేడాను గమనిస్తారు, యాక్సిడెంట్ బండేమోనని అనుమానపడతారు. ఆ బిల్లు చూపిస్తే బేరం అక్కడ ఆగదు.